సర్వర్ కొనాలా, క్లౌడ్‌కి వెళ్లాలా: ఎండీ గారికి ఇచ్చే నోట్‌లో ఏ లెక్కలు ఉండాలి?

బెజవాడ_సిస్టమ్స్

మందుల హోల్‌సేల్ కంపెనీ. హెడ్ ఆఫీసు విజయవాడ, బ్రాంచీలు గుంటూరు, ఏలూరు, రాజమండ్రి. మొత్తం 42 మంది యూజర్లు, ఒకే సమయంలో లోపల ఉండేది 30 మంది దాకా. బిల్లింగ్, స్టాక్, అకౌంట్లు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్. వెనకాల విండోస్ సర్వర్ 2016, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 స్టాండర్డ్. డేటాబేస్ 180 జీబీ, షేర్డ్ ఫోల్డర్లు 900 జీబీ. సర్వర్ 2018లో కొన్నది, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. బ్రాంచీల వాళ్లు వీపీఎన్ మీద రిమోట్ డెస్క్‌టాప్‌తో వస్తారు. హెడ్ ఆఫీసులో మాత్రం ప్రతి పీసీలోనూ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయి ఉంది.

కొత్త సర్వర్‌కి 7.80 లక్షల కొటేషన్ వచ్చింది, మూడేళ్ల వారంటీతో. క్లౌడ్‌కి వెళ్తే లాభమో నష్టమో ఒక్క పేజీలో రాసివ్వమంటున్నారు ఎండీ గారు. ఏం కొలవాలి, ఏ ఖర్చులు వదిలేస్తే లెక్క తప్పుతుంది, మార్చేటప్పుడు ఏవి ఆగిపోతాయి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ర్యాక్_యూనిట్

ముందు ఏది క్లౌడో, ఏది కాదో తేల్చుకోండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఐదు లక్షణాలు చెప్పింది: ఎవరినీ అడక్కుండా మనమే తీసుకోగలగడం, నెట్‌వర్క్ మీద ఎక్కడినుంచైనా అందడం, ఒకే వనరుల్ని చాలామంది పంచుకోవడం, వెంటనే పెంచుకోవడం లేదా తగ్గించుకోవడం, వాడినదాన్ని మీటరు వేసి కొలవడం. "నెలకి ఇంత, ఏడాదికి ముందే కట్టాలి, ర్యామ్ పెంచాలంటే టికెట్ వేయండి" అనేవాళ్లు మీకు అద్దెకి ఇస్తున్నది ఒక మెషిన్ మాత్రమే. చిన్న ఆఫీసుకి అదీ పనికొస్తుంది, తప్పేమీ లేదు. కానీ ఆ రేటు చూపించి క్లౌడ్ లాభాలన్నీ నోట్‌లో రాస్తే అది అబద్ధమవుతుంది.

మీ దగ్గరున్నవి మూడు వేర్వేరు పనులు: బ్యాకప్, ఫైళ్లు, బిల్లింగ్. మూడింటికీ మూడు జవాబులు వస్తాయి. "కంపెనీని క్లౌడ్‌కి తీసుకెళ్లాలా" అని ఒకే ప్రశ్నగా వేసుకుంటే మాత్రం ఎప్పటికీ తేలదు.

లెక్కల_పద్దు

డబ్బు సంగతి నేను చెప్తాను. 7.80 లక్షల్ని క్లౌడ్ నెల బిల్లు పక్కన పెట్టి పోల్చడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. సర్వర్ ధర అసలు ఖర్చులో మూడో వంతే. ఐదేళ్లకి, అంటే 60 నెలలకి వేసి చూద్దాం. కింది అంకెలు ఉదాహరణకే, మీ బిల్లులు చూసి మార్చుకోండి.

కరెంటు: సర్వర్ 350 వాట్లు, యూపీఎస్ నష్టం, స్విచ్చులు కలిపి ఇంకో 150, ఏసీ సగటున 1 కిలోవాట్. మొత్తం 1.5 కిలోవాట్లు. నెలకి 730 గంటలు, కాబట్టి 1,095 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలైతే నెలకి 10,950. ఐదేళ్లకి 6.57 లక్షలు. ఇది ఆఫీసు కరెంటు బిల్లులో కలిసిపోతుంది కాబట్టి ఐటీ ఖర్చు కింద ఎవరూ చూడరు.

సర్వర్ 7.80 లక్షలు. యూపీఎస్ బ్యాటరీలు మధ్యలో ఒకసారి మార్చాలి, 0.60. వారంటీ అయ్యాక నాలుగు, ఐదు సంవత్సరాల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఏడాదికి పది శాతం చొప్పున 1.56. బయటి ఇంజనీరుకి నెలకి 8,000 చొప్పున 4.80. ఆఫీసు బయట బ్యాకప్ నెలకి 4,000 చొప్పున 2.40. కరెంటు 6.57. మొత్తం 23.73 లక్షలు. 60తో భాగిస్తే నెలకి 39,550.

ఇప్పుడు క్లౌడ్‌కి వెళ్లినా పోని ఖర్చులు ఇందులోంచి తీసేయాలి. ఇంజనీరు పని పూర్తిగా పోదు, 6,000 ఉంచండి. రెండో ఇంటర్నెట్ లైను 3,000. మార్చడానికి ఒకసారి అయ్యే ఖర్చు 1.5 లక్షలనుకుంటే నెలకి 2,500. ఆఫీసులో మిగిలే రూటరు, స్విచ్చులకి 73 యూనిట్లు, 730 రూపాయలు. మిగిలేది 27,320. మెషిన్, డిస్కులు, బ్యాకప్, డేటా బయటికి పోవడం అన్నీ కలిపి క్లౌడ్ బిల్లు ఈ అంకె దాటితే, డబ్బుపరంగా సర్వరే చవక. నోట్‌లో మొదటి లైను ఈ సీలింగే కావాలి.

లైసెన్సులు ఇందులో కలపలేదు. వాటిని విడిగా చూడాలి.

డీబీఏ_గోదావరి

లెక్క చాలాసార్లు తలకిందులయ్యేది ఆ లైసెన్సుల దగ్గరే. మీకు రెండు గడువులున్నాయి: ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ (భద్రతా ప్యాచ్‌లు వచ్చే కాలం) ముగింపు 2026 జులై 14, విండోస్ సర్వర్ 2016కి 2027 జనవరి 12. కాబట్టి ఇక్కడే ఉన్నా, వెళ్లినా వెర్షన్ మార్చక తప్పదు.

పాత ఎస్‌క్యూఎల్ లైసెన్సుని క్లౌడ్‌కి పట్టుకెళ్లాలంటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సు మీద మైక్రోసాఫ్ట్‌కి విడిగా కట్టే ఒప్పందం) నడుస్తూ ఉండాలి. లేకపోతే గంట రేటులో లైసెన్సు కలిపి తీసుకోవాలి. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో అలా తీసుకుంటే ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్‌కి కనీసం 4 వీసీపీయూల (వర్చువల్ ప్రాసెసర్ల) రేటు పడుతుంది. మీరు 2 వీసీపీయూల మెషిన్ పెట్టుకున్నా లైసెన్సు నాలుగింటికి కట్టాల్సిందే. ఇక రిమోట్ డెస్క్‌టాప్‌కి యూజర్ల లెక్కన ఆర్డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) క్యాల్‌లు, అంటే వాడుకునే లైసెన్సులు, కావాలి. విండోస్ సర్వర్‌లో క్యాల్‌లు లేకుండా నడిచేది అడ్మిన్‌లకి రెండు సెషన్లే. ఆర్డీఎస్ రోల్ పెట్టాక 120 రోజుల గ్రేస్ ఉంటుంది, పైలట్ అంతా బ్రహ్మాండంగా నడిచి నాలుగో నెలలో ఒకరోజు పొద్దున్నే ఎవరూ లాగిన్ కాలేకపోవడానికి కారణం అదే.

ఓరుగల్లు_అడ్మిన్

అన్నా, హైదరాబాద్‌ల ఏడబ్ల్యూఎస్ రీజియన్ (డేటా సెంటర్లున్న చోటు) 2022 నవంబర్‌ల ఓపెనైంది, ముంబైది 2016 జూన్ నుంచే ఉన్నది. మైక్రోసాఫ్ట్ అజూర్‌కు చెన్నై, పుణె ఉన్నయి, గూగుల్‌కు ముంబై, ఢిల్లీ. దగ్గరున్నదని హైదరాబాద్ పెట్టుకునుడు కాదు, మీకు కావాల్సిన మెషిన్ రకం అక్కడ ఉన్నదా, రేటెంత పడ్తది, రెండూ చూస్కోని ఎంచుకోండ్రి. ఒక దాంట్ల మెయిన్, ఇంకో దాంట్ల బ్యాకప్ పెడితే రెండూ దేశం లోపల్నే ఉంటయి.

బెజవాడ_సిస్టమ్స్

హెడ్ ఆఫీసు పీసీల్లో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని అలాగే ఉంచి, డేటాబేస్ ఒక్కటే క్లౌడ్‌లో పెడితే ఆర్డీఎస్ క్యాల్‌లు తగ్గుతాయి కదా?

డీబీఏ_గోదావరి

అది మాత్రం చేయకండి. ఈ రకం సాఫ్ట్‌వేర్లు లాన్‌ని (ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌ని) నమ్ముకుని రాసినవి. ఒక బిల్లు స్క్రీన్ తెరిస్తే డేటాబేస్‌కి వందల ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. 400 ప్రశ్నలనుకోండి. లాన్‌లో ఒక్కోదానికి అర మిల్లీసెకను, మొత్తం 0.2 సెకను. క్లౌడ్‌కి రానుపోను 30 మిల్లీసెకన్లైతే 12 సెకన్లు. ఎంత వేగమైన ఇంటర్నెట్ పెట్టినా ఈ 12 తగ్గదు. లైను వెడల్పుతో దీనికి సంబంధం లేదు, దూరంతోనే. ఎస్‌క్యూఎల్ ప్రొఫైలర్ గానీ ఎక్స్‌టెండెడ్ ఈవెంట్స్ గానీ పెట్టి ఒక్క బిల్లు వేసి చూడండి, ఎన్ని ప్రశ్నలు పోతున్నాయో తెలిసిపోతుంది.

సాఫ్ట్‌వేరూ డేటాబేసూ ఒకేచోట ఉండాలి. రెండూ పైకి వెళ్లాలి, లేదా రెండూ కిందే ఉండాలి. పైకి వెళ్తే హెడ్ ఆఫీసు వాళ్లు కూడా బ్రాంచీల్లాగే రిమోట్ డెస్క్‌టాప్ మీద పనిచేయాలి. అప్పుడు బయటపడేవి:

ప్రింటర్లు. బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్‌లకి రిమోట్ సెషన్‌లోంచి ప్రింట్ పంపితే టెక్స్ట్‌గా కాకుండా బొమ్మగా వెళ్తుంది. ఒక్కో బిల్లుకి నిమిషం పడుతుంది, అక్షరాలు మసకగా వస్తాయి. జెనెరిక్ టెక్స్ట్ డ్రైవర్‌తో రా మోడ్‌లో పోయేలా సాఫ్ట్‌వేర్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్లు. రీడైరెక్ట్ చేస్తే కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. సంతకం పని లోకల్ పీసీలోనే ఉంచడం మేలు.

ఈ-ఇన్‌వాయిస్ ఏపీఐకి మీ ఆఫీసు ఐపీ నమోదు చేసి ఉంటే, కొత్త ఐపీని ముందే నమోదు చేయించాలి. మరిచిపోతే కట్ఓవర్ (పాతది ఆపి కొత్తదానికి మారడం) మర్నాడు ఒక్క ఐఆర్‌ఎన్ (ఈ-ఇన్‌వాయిస్ నంబరు) కూడా రాదు, ఇన్‌వాయిస్ లేకుండా సరుకు కదలదు.

ఉత్తరాంధ్ర_నెట్

ఇంటర్నెట్ మీద అందరూ ఒక్క లైను రాసి వదిలేస్తారు. మొత్తం ఆఫీసు దాని మీదే నడవబోతోంది కాబట్టి కొంచెం వివరంగా.

30 సెషన్లు, ఒక్కోదానికి 300 కేబీపీఎస్ అనుకుంటే 9 ఎంబీపీఎస్. ప్రింట్లు కలుపుకుని రెండు వైపులా 20 గ్యారంటీగా ఉండే లైను చాలు. వేగం కంటే ముఖ్యం రెండో లైను. రెండు కంపెనీలవి తీసుకున్నా, రెండు ఫైబర్లూ ఒకే స్తంభాల మీదుగా వస్తే అది ఒక్క లైనే. లైన్‌మన్‌ని పిలిచి ఏ వీధిలోంచి వస్తోందో కళ్లతో చూడండి. మూడోది 4జీ రూటరు, కనీసం బిల్లింగ్ నడిచేలా.

రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి, పోర్టు నంబరు మార్చినా సరే. ర్యాన్‌సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లోపలికొచ్చే దారుల్లో ఇది ముందుంటుంది. వీపీఎన్ లేదా ఆర్డీ గేట్‌వే, దానికి ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డుతో పాటు రెండో ధ్రువీకరణ). క్లౌడ్‌లో పెట్టాం కాబట్టి వాళ్లే చూసుకుంటారనుకోవడం ప్రమాదం. వాళ్లు చూసుకునేది భవనం, కరెంటు, హార్డ్‌వేర్. విండోస్ ప్యాచ్‌లు, పాస్‌వర్డులు, ఫైర్‌వాల్ నియమాలు మీవే.

ఇంకొకటి: గ్రౌండ్ ఫ్లోర్ అన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల పాటు లేవు. అలాంటప్పుడు క్లౌడ్‌లో ఉన్నా ఆ ఊరి ఆఫీసు పనిచేయదు, అది నిజమే. కానీ గుంటూరు, రాజమండ్రి పనిచేస్తాయి. ఇవాళ మీ విజయవాడ సర్వర్ మునిగితే నాలుగు ఊళ్లూ ఆగుతాయి. ఈ వాక్యం నోట్‌లో తప్పకుండా రాయండి.

సొంత_ర్యాక్

అందరూ క్లౌడ్ వైపే చెప్తున్నారు, రెండో వైపు కూడా ఉంది. డ్రాప్‌బాక్స్ తన స్టోరేజిలో ఎక్కువ భాగాన్ని ఏడబ్ల్యూఎస్ నుంచి సొంత డేటా సెంటర్లకి మార్చుకుని రెండేళ్లలో దాదాపు 7.5 కోట్ల డాలర్లు ఖర్చు తగ్గిందని పబ్లిక్ ఇష్యూ పత్రాల్లో చూపించింది. 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2022లో క్లౌడ్ వదిలేస్తున్నామని ప్రకటించింది, ఆ ఏడాది వాళ్ల క్లౌడ్ ఖర్చు 32 లక్షల డాలర్లు. లోడు ఏడాది పొడవునా ఒకేలా ఉంటే అద్దె కంటే సొంతమే చవక. మీది పెరగని, తరగని లోడు.

లెక్కల_పద్దు

మీరు చెప్పిన సూత్రం నిజమే. కానీ ఆ రెండు కంపెనీలకీ సర్వర్లు చూసుకునే సొంత టీమ్‌లు ఉన్నాయి, వాళ్ల మెషిన్లు డేటా సెంటర్లలో ఉన్నాయి. ఇక్కడ ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక సర్వరు, నెలకోసారి వచ్చే ఇంజనీరు.

అయితే మందుల హోల్‌సేల్ లోడు ఒకేలా ఉండదు, రాత్రి ఉండదు. రోజుకి 12 గంటలు, నెలకి 26 రోజులు నడిపితే 312 గంటలు. 730లో అది 43 శాతం. రాత్రిళ్లు, ఆదివారాలు షెడ్యూలు పెట్టి ఆపేస్తే మెషిన్ రేటు సగానికి పైగా తగ్గుతుంది. ఆపినా డిస్కులకీ, అట్టిపెట్టుకున్న పబ్లిక్ ఐపీకీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4కి గంటకి అర సెంటు వసూలు చేస్తోంది, నెలకి 3.65 డాలర్లు.

సేవింగ్స్ ప్లాన్ కొనేముందు ఇది గుర్తుంచుకోండి: అది గంటకి ఇంత కడతామన్న మాట. మెషిన్ ఆపి ఉంచిన గంటలకీ కట్టాలి. ఆపడం, ప్లాన్ కొనడం రెండూ ఒకే మెషిన్‌కి చేస్తే ఒకదాని లాభాన్ని ఇంకొకటి తినేస్తుంది.

పన్ను సంగతి. క్లౌడ్ మీద 18 శాతం జీఎస్టీ. మీరు అమ్మేది ఎక్కువగా పన్ను పడే సరుకే కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ చాలావరకు వస్తుంది, రెండు వైపులా జీఎస్టీ లేకుండానే పోల్చండి. అదే ఆసుపత్రి అయితే వైద్యసేవకి మినహాయింపు ఉన్నందువల్ల క్రెడిట్ రాదు, 18 శాతమూ ఖర్చే. బిల్లు విదేశీ కంపెనీ పేరుతో వస్తే రివర్స్ ఛార్జి (అమ్మినవాళ్ల బదులు మీరే నేరుగా కట్టే జీఎస్టీ) కట్టాలి. ఆదాయపన్నులో సర్వర్ మీద తరుగుదల ఏటా 40 శాతం, మూడేళ్లకి 7.80లో ఇంకా 1.68 లక్షలు పుస్తకాల్లో మిగులుతుంది. క్లౌడ్ బిల్లు ఏ ఏడాదిది ఆ ఏడాదే ఖర్చు. ఇది క్లౌడ్‌కి చిన్న లాభం, దీనికోసం వెళ్లక్కర్లేదు. రూపాయల్లో బిల్లు ఇచ్చినా చాలా సర్వీసుల అసలు ధర డాలర్లలోనే ఉంటుంది, ఐదేళ్ల లెక్కలో మారకం పెరుగుదల కొంత కలపండి.

బెజవాడ_సిస్టమ్స్

సర్వర్ ఆగితే వచ్చే నష్టాన్ని ఎలా రాయాలి? వెండర్ ప్రెజెంటేషన్‌లో "గంటకి లక్షల్లో" అని ఉంది.

లెక్కల_పద్దు

ఆ స్లైడు తీసేయండి. ఎండీ గారికి తన వ్యాపారం తెలుసు, ఆ ఒక్క అంకె నమ్మకపోతే మిగతా నోటు కూడా నమ్మరు. మీ అంకెలతో వేయండి. రోజు అమ్మకం 12 లక్షలు, మార్జిన్ 8 శాతం, 10 గంటల పని అనుకుంటే గంటకి 9,600. ఆగిన అమ్మకమంతా పోదు, చాలావరకు సాయంత్రానికో మర్నాటికో వస్తుంది. మూడో వంతు పోయిందనుకుంటే 3,200. ఖాళీగా కూర్చునే 30 మంది జీతం గంటకి సుమారు 2,300. మొత్తం 5,500. ఏడాదికి 20 గంటలు ఆగితే 1.10 లక్షలు. అంతే.

ఆగడం కంటే భయపడాల్సింది డేటా పోవడం. పార్టీల బాకీలు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు పోతే తిరిగి రాసుకోలేరు. అందుకే రెండు ప్రశ్నలు విడిగా అడగండి: ఎన్ని గంటల్లో మళ్లీ నడవాలి, ఎంతసేపటి బిల్లులు పోయినా తట్టుకుంటాం. మొదటిదానికి నాలుగు గంటలు, రెండోదానికి 15 నిమిషాలు అంటే డిజైను, ఖర్చు రెండూ దాన్నిబట్టే వస్తాయి.

ర్యాక్_యూనిట్

అందుకే మొదటి అడుగు బ్యాకప్. ఇది ఎండీ గారి నిర్ణయం దాకా ఆగక్కర్లేదు, కొత్త సర్వర్ కొన్నా కావాల్సిందే.

ఎస్‌క్యూఎల్ ఫుల్ బ్యాకప్ రోజూ రాత్రి, లాగ్ బ్యాకప్ (ముందుదాని తర్వాత జరిగిన మార్పులు మాత్రమే) 15 నిమిషాలకోసారి, రెండూ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే ఆబ్జెక్ట్ స్టోరేజికి. బకెట్‌కి (అక్కడ మీ ఫైళ్లుండే అర) ఆబ్జెక్ట్ లాక్ కంప్లయెన్స్ మోడ్‌లో 30 రోజులు పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డు దొంగల చేతికి వెళ్లినా ఆ గడువు లోపల చెరిపేయలేరు. సర్వర్ నుంచి రాసే కీకి చెరిపే అనుమతి ఇవ్వొద్దు. మొదటిసారి మొత్తం 1,080 జీబీ ఎక్కాలి: 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పూర్తిగా వాడినా సరిగ్గా ఐదు రోజులు, నిజానికి వారం. పగలు వేగానికి పరిమితి పెట్టండి, లేకపోతే బ్రాంచీలు నత్తనడక నడుస్తాయి.

చవక అని నేరుగా ఏడబ్ల్యూఎస్ వాళ్ల పాత ఫైళ్ల స్టోరేజి గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌కి పంపకండి. అక్కడినుంచి తీయడానికి మామూలు పద్ధతిలో 12 గంటల దాకా పడుతుంది, కనీసం 180 రోజుల అద్దె పడుతుంది. నాలుగు గంటల్లో నడవాలన్న మాటకి అది పొసగదు.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయింది. బ్యాకప్ కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్న కస్టమర్లకి రెండూ పోయాయి. ఓరుగల్లు అన్న చెప్పినట్టు రెండో రీజియన్ ఎందుకో ఇదే జవాబు. కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ అయితే లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ఉండాలన్న నియమం కూడా ఉంది, రీజియన్ ఎంచుకునేటప్పుడు అది చూసుకోండి.

నెలకోసారి బ్యాకప్‌ని క్లౌడ్ మెషిన్ మీద రిస్టోర్ చేసి, చెక్‌డీబీ (డేటాబేస్ పాడైందేమో చూసే కమాండ్) నడిపి, చివరి బిల్లు నంబరు సరిపోల్చండి. రెండు మూడు గంటల మెషిన్ అద్దెతో అయిపోతుంది. పైగా బిల్లింగ్ అక్కడ ఎలా నడుస్తుందో కూడా ఉచితంగా తెలిసిపోతుంది.

ఓరుగల్లు_అడ్మిన్

ఫైళ్లు 900 జీబీ గురించి ఎవరూ అనలె. దానికి వర్చువల్ మెషిన్ ఎందుకన్నా? మైక్రోసాఫ్ట్ 365 ఇప్పటికే ఉంటే షేర్‌పాయింట్ల 1 టీబీ, దాని మీద ఒక్కో లైసెన్సుకు 10 జీబీ వస్తది. 42 మందికి 420 జీబీ ఎక్కువ, సరిపోతది. చెరిపేసిన ఫైలు 93 రోజులే రీసైకిల్ బిన్‌ల ఉంటది, తర్వాత పాయె. కాబట్టి దానికి వేరే బ్యాకప్ పెట్టుకోవాలె. మూవ్ చేసే ముందు పాత ఫైళ్లు ఏరుకోండ్రి, ఐదేళ్ల నుంచి ఎవ్వలు తెరవనియి ఎన్నున్నయో చూస్తే సగం పని అయితది.

డీబీఏ_గోదావరి

మెషిన్ సైజు ఊహించి తీసుకోవద్దు. విండోస్‌లో ఉండే కొలతల టూల్ పెర్ఫ్‌మాన్‌లో 15 సెకన్లకోసారి సీపీయూ, ఖాళీ మెమరీ, డిస్క్ ట్రాన్స్‌ఫర్లు, డిస్క్ లేటెన్సీ 30 రోజులు రికార్డు చేయండి. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్నులు, నెలాఖరు స్టాక్ మూడూ అందులో పడాలి. సగటు చూడకండి, 95వ పర్సెంటైల్ (నూటికి 95 కొలతలు దాటని అంకె) చూడండి. పాత సర్వర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని కోర్లు క్లౌడ్‌లో తీసుకుంటే ఎస్‌క్యూఎల్ లైసెన్సు భారమే మునగదీస్తుంది.

ఏడబ్ల్యూఎస్‌లో టీ3 రకం మెషిన్లు చవగ్గా కనిపిస్తాయి. టీ3 లార్జ్ బేస్‌లైన్ (నిలకడగా దొరికే ప్రాసెసర్ సామర్థ్యం) 30 శాతమే, ఆపైన వాడితే అంతకుముందు మిగిలిన క్రెడిట్లు కరుగుతాయి. అన్‌లిమిటెడ్ మోడ్‌లో ఉంటే బిల్లు పెరుగుతుంది, లేకపోతే మధ్యాహ్నానికి మెషిన్ మందగిస్తుంది. నిలకడగా నడిచే డేటాబేస్‌కి అది తగదు. డిస్క్ జీపీ3 తీసుకుంటే 3,000 ఐఓపీఎస్ (సెకనుకి డిస్క్ చదివే, రాసే సార్లు) ఎలాగూ వస్తాయి, మీ రికార్డులో అంతకు మించితేనే అదనం కొనండి.

బెజవాడ_సిస్టమ్స్

అర్థమైంది. బ్యాకప్ ఈ నెలలో, ఫైళ్లు తర్వాత, బిల్లింగ్‌కి 30 రోజుల కొలతలు, 27,320 సీలింగ్, లైసెన్సుల తేడా విడిగా. బిల్లింగ్ మార్చాలని తేలితే కట్ఓవర్ ఎలా? నచ్చకపోతే వెనక్కి రావడానికి ఎంత అవుతుంది?

డీబీఏ_గోదావరి

శుక్రవారం రాత్రి ఫుల్ బ్యాకప్ పైకి ఎక్కించి నో-రికవరీలో (తర్వాతి లాగ్‌లు వేసేలా, ఇంకా తెరవకుండా) రిస్టోర్ చేయండి. శని, ఆదివారాల లాగ్ బ్యాకప్‌లు వరుసగా వేస్తూ ఉండండి. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అందర్నీ లాగౌట్ చేయించి, టెయిల్ లాగ్ బ్యాకప్ (మిగిలిన చివరి మార్పులు) నో-రికవరీతో తీసి, అది వేసి రికవరీ ఇవ్వండి. టెయిల్ లాగ్ తీశాక పాత డేటాబేస్ రిస్టోరింగ్ స్థితిలో ఉండిపోతుంది, అది కావాలనే. పొరపాటున ఎవరూ పాతదాంట్లో బిల్లు కొట్టలేరు. తర్వాత ట్రయల్ బ్యాలెన్స్, గోదాముల వారీ స్టాక్ విలువ, ప్రతి బ్రాంచి చివరి బిల్లు నంబరు, ఈ మూడూ అకౌంటెంట్ సంతకంతో సరిపోల్చాలి. రాత్రి ఎనిమిదిలోపు సరిపోకపోతే పాతదానికి రికవరీ ఇచ్చి సోమవారం మామూలుగా తెరవండి. ఆ గంట ముందే రాసిపెట్టుకోవాలి, రాత్రి పదింటికి అలసటలో తీసుకునే నిర్ణయం కాదది.

ఒకసారి సోమవారం కొత్త బిల్లులు పడ్డాక వెనక్కి రావాలంటే క్లౌడ్ నుంచి బ్యాకప్ దింపుకోవాలి. అందుకే పాత సర్వర్‌ని నెలరోజులు తుడవకండి. ఒక్క జాగ్రత్త: పైన కొత్త వెర్షన్ ఎస్‌క్యూఎల్ పెడితే ఆ బ్యాకప్ 2016 మీద రిస్టోర్ కాదు. పాత సర్వర్‌లో కూడా కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి ఉంచాలి.

లెక్కల_పద్దు

వెనక్కి వచ్చే ఖర్చు: ఏడబ్ల్యూఎస్ ముంబైలో ఇంటర్నెట్‌కి బయటికి పోయే డేటా నెలకి మొదటి 100 జీబీ ఉచితం, తర్వాత జీబీకి 10.93 సెంట్లు. మీ 1,080 జీబీ మొత్తం దింపినా సుమారు 107 డాలర్లు. పూర్తిగా వదిలి వెళ్లేవాళ్లకి ఈ ఛార్జీ మాఫీ చేస్తామని గూగుల్, ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ మూడూ 2024లో ప్రకటించాయి, కానీ ముందుగా అడిగి ఒప్పించుకోవాలి. మీ సైజుకి దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

బడ్జెట్ అలర్ట్ 50, 80, 100 శాతాల దగ్గర పెట్టండి. అది మెయిల్ పంపుతుందే గానీ దానంతటది ఖర్చు ఆపదు, బిల్లింగ్ డేటా కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది. మూడు నెలలు వారానికోసారి బిల్లు లైను లైనుగా చూడండి. ఎక్కువగా దొరికేవి ఎవరూ వాడని డిస్కులు, పేరుకున్న స్నాప్‌షాట్లు, అవసరం లేకుండా పెట్టిన న్యాట్ గేట్‌వే (లోపలి మెషిన్లని ఇంటర్నెట్‌కి కలిపే సర్వీసు).

ఉత్తరాంధ్ర_నెట్

వెనక్కి రావడాన్ని నిజంగా అడ్డుకునేది ఆ 107 డాలర్లు కాదు, అకౌంటు ఎవరి పేరున ఉందన్నది. రీసెల్లర్ తన అకౌంటు కింద మీ మెషిన్లు తెరిస్తే, గొడవైన రోజున మీ డేటాకి తాళం అతని దగ్గర ఉంటుంది. ఒప్పందంలో రాయించుకోండి: అకౌంటు కంపెనీ పేరున, రూట్ (అన్ని అధికారాలూ ఉండే యూజర్) ఈమెయిల్ కంపెనీ డొమైన్‌లో, అది ఒక ఉద్యోగి వ్యక్తిగత మెయిల్ కాకూడదు. రూట్‌కి ఎంఎఫ్‌ఏ పెట్టి ఆ డివైజ్ క్యాషియర్ లాకర్‌లో ఉంచండి. రీసెల్లర్‌కి వేరే యూజర్, అతని పనికి కావాల్సిన అనుమతులు మాత్రమే, బ్యాకప్ బకెట్ మీద ఏ అనుమతీ లేకుండా.